పుచ్చని దూలం

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకి చెబుదామని ఈ పన్నెండేళ్ళలో చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ వానల గురించో కాలవలకి నీళ్ళు వదలడం గురించో మాట్లాడి ఊరుకున్నాను. మోసి మోసి ఈ బరువు అలవాటైపోయింది. ఆ అలవాటే ఇప్పుడు నాకు అసహ్యంగా ఉంది. మోస్తున్న సంగతి కూడా మరిచిపోయి హాయిగా భోంచేసి, తాంబూలం వేసుకుని, పడక కుర్చీలో కునుకు తీసిన రోజులు ఎన్ని లేవు!

నేను ఒక అబద్ధం రాశాను. సర్కారు కాగితం మీద, నా సంతకం పెట్టి రాశాను. దానివల్ల ఇరవై ముగ్గురు ఆడపిల్లల బడి మూతపడింది.

నా పేరు రాయను. ఊరి పేరూ రాయను. కొత్తపేటకి ఒక పూటలో సైకిలు మీద వెళ్ళి రాగలిగినంత దూరం అనుకోండి. పేరు దాచుకోవడం పిరికితనం కాదా అంటారా? పిరికితనమే. నేను ధైర్యస్థుణ్ణని ఎక్కడా చెప్పలేదే.

అప్పట్లో నేను జిల్లా బోర్డులో ఓవర్సీరుని. తూములు, చిన్న వంతెనలు, బడి కట్టడాలు నా చేతికింద ఉండేవి. ఏ గోడ నిలుస్తుందో ఏ గోడ కూలుతుందో నేను చెబితే అదే మాట. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు ఆ ఊళ్ళో ఆడపిల్లలకి వేరే బడి పెట్టారు. సొంత కట్టడం లేక ఒక పెంకుటింటి ముందు భాగం అద్దెకి తీసుకున్నారు. ఇల్లుగలాయన ఊళ్ళో పెద్ద రైతు, పంచాయతీ ప్రెసిడెంటు కూడా ఆయనే. టీచరు ఒక్కరే. సుభద్రమ్మగారు. అది ఆవిడ అసలు పేరు కాదు, నేను పెట్టిన పేరు. పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. సన్నగా, చామనఛాయగా, ఎవరితో మాట్లాడినా చేతులు కట్టుకుని మాట్లాడే మనిషి.

ఆ ఏడు శ్రావణంలో బడిగది బల్లల సీలింగులోంచి నీళ్ళు కారడం మొదలెట్టాయి. నల్లబల్లకి సరిగ్గా పైన, దూలం గోడలోకి దిగే చోట పెద్ద మచ్చ కట్టింది. ఆవిడ బోర్డుకి అర్జీ పెట్టుకుంటే నన్ను చూసి రమ్మన్నారు.

పొద్దున్నే వెళ్ళాను. ప్రెసిడెంటుగారు అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పెంకులు నేసే వీర్రాజుని నేనే రమ్మన్నాను, నిచ్చెన తెచ్చుకుని నిలబడ్డాడు. పిల్లలు చాపల మీంచి లేచి దణ్ణాలు పెట్టారు. నేను తలెత్తి చూశాను. కషాయం రంగు మచ్చ. వలయంలో వలయం, అంచులు ఇంకా ముదురు. గొడుగు కొసతో సీలింగు బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాను. మట్టి రాలింది.

"దూలం చివర పుచ్చిపోయింది. గోడ కూడా నానుతోంది," అన్నాను.

అంతే. నిచ్చెన ఎక్కలేదు. పైకి వెళ్ళి చూడలేదు. ఎందుకు చూడలేదు? ఇస్త్రీ పంచె కట్టుకున్నాను, నలుగుతుందని. మచ్చ దూలం దగ్గర ఉంది కాబట్టి జబ్బు దూలానిదే అనుకున్నాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కదా, కిందనుంచే తెలిసిపోతుందనుకున్నాను. ఆ మాటలో అబద్ధం లేదు, పొరపాటు మాత్రమే. అక్కడితో ఆగి ఉంటే ఈ కాగితం రాయాల్సిన పని ఉండేది కాదు.

సుభద్రమ్మగారు ఒక అడుగు ముందుకి వచ్చారు.

"ఒక్క మాట చెప్పమంటారాండి?"

"చెప్పండి."

"దూలంలోంచి కాదేమోనండి. వాన మొదలైన వెంటనే ఇక్కడ కారదండి. చాలాసేపు పడతాది. వాన ఆగిపోయేక కూడా కారతానే ఉంటాది. అంటే పైన ఎక్కడో నీళ్ళు నిలబడతన్నాయండి. అవి నిండేక పొర్లి, వాసం పట్టుకుని ఇక్కడిదాకా వస్తన్నాయి."

"ఈ సంగతులు మీకెవరు చెప్పేరు?"

"మా నాన్నగారు పెంకులు నేసేవారండి. మచ్చ ఎక్కడుందో కాదమ్మా, ఎటేపు పెరుగుతుందో చూడు అనేవారు."

అప్పుడు చూపించారు, సీలింగు మీద సుద్దగీతలు. నేను చూడనేలేదు వాటిని. వాన పడ్డ ప్రతిసారీ బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కి, తడి ఎంతవరకూ వచ్చిందో గీత గీసి, పక్కన వారం పేరు రాశారు. సోమవారం, గురువారం, మళ్ళీ ఆదివారం. గీతలన్నీ ఒక్కవైపే సాగుతున్నాయి, లోపలి వాకిలి మూలకి. అక్కడ రెండు కప్పులు కలుస్తాయి. ఆ సందులో నీళ్ళు పోవడానికి రేకు కాలువ వేసి ఉంటుంది. ఏ ఓవర్సీరైనా మొట్టమొదట చూడాల్సిన చోటు అది. ఆవిడ వేలు చూపించేదాకా నాకు తోచలేదు.

"వీర్రాజుగారిని ఆ మూల పసుపు నీళ్ళు పొయ్యమంటే తేలిపోద్దండి," అన్నారు.

వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. వీర్రాజు ఎక్కాడు. పైనుంచి కేకేసి చెప్పాడు. కొబ్బరి మట్ట పడి మూడు పెంకులు చిట్లాయి. ఆ ముక్కలూ, పీచూ, కాకిగూడు పుల్లలూ రేకు కాలువలో అడ్డంపడి ఉన్నాయి. ఆవిడ బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. వీర్రాజు బిందెతో పసుపు నీళ్ళు ఆ మూల పోశాడు. పిల్లలు మెడలు వెనక్కి వాల్చి గట్టిగా లెక్కపెట్టడం మొదలెట్టారు. ఒకటి, రెండు, మూడు. వంద దాటింది. నూట యాభై దాటింది. నేను గడియారం వంక చూసుకుంటున్నాను. కారకూడదని కోరుకుంటున్నాను. ఒక్క చుక్క కూడా కారకూడదు, భగవంతుడా, అని మనసులో అనుకున్నాను! పిల్లల నెత్తిమీద కప్పు సంగతి చూడ్డానికి వచ్చిన మనిషి కోరుకోవాల్సింది అదా?

రెండు వందలు దాటాక తెల్లగుడ్డ మీద పచ్చటి చుక్క పడింది. తర్వాత ఇంకొకటి.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక పిల్ల, కొబ్బరి దింపులు తీసే ఆయన కూతురు, సీత అనుకోండి, ఎనిమిదేళ్ళుంటాయి, నా మొహంలోకి చూసి అడిగింది. "దూలమన్నారు కదండీ, మరి తప్పాండి?" ఎగతాళి కాదది. దానికి నిజంగా తెలుసుకోవాలని ఉంది. అరుగు మీంచి ప్రెసిడెంటుగారు పగలబడి నవ్వారు.

"ఏవండీ ఓవర్సీరుగారూ, మీ ఉద్యోగం టీచరమ్మగారికి ఇచ్చేద్దామాండి?"

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కాని ఆ నవ్వు మీద నెపం వేస్తే నేను మళ్ళీ అబద్ధమాడినట్టే. ఆయన నవ్వు ఆయనది. నా చెయ్యి నాది.

సుభద్రమ్మగారు మాత్రం నవ్వలేదు. పిల్లల్ని కూర్చోమన్నారు. కొబ్బరిబోండాం కొట్టించి నా చేతికి ఇప్పించారు. మెల్లగా అన్నారు.

"ఆ చెత్త తీయించి, పెంకులు మూడూ మార్పిస్తే చాలండి. రిపోర్టులో అంతే రాయండి. బడి ఒక్కరోజు కూడా ఆపక్కర్లేదు."

"ఆయ్. అలాగేనండి," అన్నాను.

ఎంత మర్యాదగా అన్నానో! మా ప్రాంతంవాళ్ళ మర్యాద గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. ఆ రోజు ఆ "ఆయ్" వెనక ఏముందో నాకు తెలుసు. బోర్డు మంజూరు చేసేదాకా కప్పు ముట్టుకోవద్దని వీర్రాజుకి చెప్పి సైకిలెక్కాను.

ఇంటికి వచ్చి భోంచేశాను. చేతులు కడుక్కుని కలం తీశాను. "దూలము పుచ్చినది. కప్పు ఏ క్షణముననైనను కూలు ప్రమాదము గలదు. ఈ గృహము విద్యార్థినులు కూర్చుండుటకు పనికిరాదు." చక్కటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. పచ్చటి చుక్క నా కళ్ళముందు పడి మూడు గంటలు కాలేదు, దూలం గట్టిగా ఉందని నాకు తెలుసు, తెలిసి తెలిసి రాశాను.

ఎందుకు? ఇదే నన్ను నేను వెయ్యిసార్లు అడుగుతున్నాను. ఎవరూ అలా రాయమనలేదు. ఎవరూ బెదిరించలేదు. నాకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఒక ఆడమనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, పెంకులు నేసేవాడి కూతురు, నా పని నాకంటే బాగా చేసింది. నలుగురి ముందూ చేసింది. పైగా నన్ను అవమానించకుండా, బోండాం ఇచ్చి మరీ సాగనంపింది. ఆ మన్నన నాకు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. దూలం పుచ్చిందని కాగితం మీద ఉంటే, దూలం పుచ్చినట్టే. నేనే గెలిచినట్టే. ఇంత చిన్న సంగతి! ఇంత నీచమైన, ఇంత చిల్లర సంగతికి ఒక బడి పోయింది. పెద్ద ద్వేషంతోనో పెద్ద ఆశతోనో చేసి ఉంటే కనీసం చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది.

కోపం నా ఒక్కడి మీదే కాదు. దాచను. ఆ కాగితం బోర్డు ఆఫీసులో నాలుగు బల్లలు దాటింది. ఒక్కడంటే ఒక్కడు "పోయి ఇంకోసారి చూసిరండి" అనలేదు. మగపిల్లల బడి అయితే అనేవారు కాదా? వెనకటేడు అలాంటి బడి గోడ నిజంగా బీటలిస్తే ముగ్గురు వచ్చి చూశారు, పందిరి వేయించి బడి నడిపించారు. ఇక్కడ పది రోజుల్లో మూసెయ్యమని ఆర్డరు వచ్చింది. ప్రెసిడెంటుగారికి అసలు సంగతి తెలుసు. పచ్చ చుక్క ఆయనా చూశారు. ఆర్డరు చూసి "పోన్లెండి, ఆడపిల్లలకి ఈ మాత్రం అక్షరాలు చాలు" అన్నారట. తండ్రుల్లో ఎవరూ అడగలేదు. ఓవర్సీరుగారు రాశారట, ఇంకేం కావాలి! నేనెంత అబద్ధాలకోరునో నాకు తెలుసు గానీ, నన్ను నమ్మడానికి అంతమంది అంత సిద్ధంగా ఉన్నారని నాకూ అప్పుడే తెలిసింది.

అడిగిన మనిషి ఒక్కరే.

ఒక మధ్యాహ్నం సుభద్రమ్మగారు మా ఇంటికి వచ్చారు. అన్ని మైళ్ళూ కాలవగట్టు మీద నడిచి వచ్చారు. చీర కుచ్చెళ్ళకి బురద. కిటికీలోంచి చూసి, లేనని చెప్పమని మా ఆవిడతో అన్నాను. ఆవిడ అరుగు మీద కూర్చున్నారు. గంట కూర్చున్నారో, ఇంకా ఎక్కువో. నేను పడకగదిలో మంచం అంచున ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, నా ఇంట్లో నేనే దొంగలా. వెళ్ళేముందు మా ఆవిడ చేతికి ఒక కాగితం ఇచ్చారు. పెన్సిలుతో కప్పు బొమ్మ గీసి ఉంది. రేకు కాలువ ఎక్కడ, అడ్డు ఎక్కడ, నీళ్ళు ఏ వాసం మీదుగా వచ్చాయి, అన్నీ గుర్తులు. కింద గుండ్రటి అక్షరాలతో రాశారు. "తమరు పని ఒత్తిడిలో పొరపాటు పడినట్లున్నారు. దయచేసి మరొకసారి చూడగోరుతాను."

పొరపాటు! అప్పటికి కూడా ఆవిడ నన్ను దొంగ అనలేదు. తప్పించుకునే దారి తనే తెరిచి, నా గుమ్మంలో పెట్టి వెళ్ళారు. "ఔను, పొరపాటైంది" అని రెండు ముక్కలు రాస్తే సరిపోయేది. నా పరువుకి కూడా ఏమీ అయ్యేది కాదు. నేను ఆ కాగితాన్ని నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టాను.

మొదటి అబద్ధం కోపంలో రాశానని అనుకుందాం. మరి ఇదో?

బడి మూశారు. పిల్లల్ని కాలవ అవతలి మగపిల్లల బడిలో చేరమన్నారు. కొందరు కొన్నాళ్ళు వెళ్ళారు. వానలు ముదిరేసరికి ఎవరూ వెళ్ళలేదు. సుభద్రమ్మగారిని గోదావరి మధ్యలో ఏదో లంకకి మార్చారు. తర్వాత ఆవిడ ఏమయ్యారో కనుక్కోలేదు. కనుక్కుంటే ఎదురుపడాల్సి వస్తుందని.

మరుసటి వేసవిలో అటు వెళ్తూ ఆ ఇంటి ముందు ఆగాను. బడిగదిలో కొబ్బరికాయల రాశులు. కప్పు మీద వీర్రాజు. నన్ను చూసి దిగాడు. చెత్త తీసేశాడు, మూడు పెంకులు మార్చాడు. పొద్దున్న ఎక్కినవాడు ఎండ ముదరకముందే పని ముగించాడు.

"దూలం కూడా చూసేనండి. ఉలి దిగలేదండి. టేకు," అన్నాడు. అని నా మొహంలోకి చూసి వెంటనే తల దించుకున్నాడు. నా కింద పని చేసుకునేవాడు, అంతకంటే ఏమంటాడు? నేను "మంచిదే" అని సైకిలెక్కాను.

నిరుడు నేను రిటైరయ్యాను. సన్మానం చేశారు. ఆ ప్రెసిడెంటుగారే వచ్చి మాట్లాడారు. నేను ముందుచూపుతో ఆ ఊరి ఆడపిల్లల ప్రాణాలు కాపాడానన్నారు. ఆయన మరిచిపోయి అన్నారో, తెలిసే అన్నారో నాకు తెలియదు. దండ వేశారు. మెడ వంచాను. వంచానండీ, వేయించుకున్నాను!

పోయిన నెలలో మా చెల్లెలి ఇంటికి మామిడికుదురు వెళ్తూ బోడసకుర్రు రేవులో పంటు కోసం నిలబడ్డాను. ఒకమ్మాయి చంకలో పిల్లాడితో దగ్గరకి వచ్చింది. నవ్వుతోంది.

"ఓవర్సీరుగారు కదండీ? నేను సీతనండి. టీచరమ్మగారి బడిలో చదివేనండి."

అమలాపురం ఆసుపత్రి నుంచి మామిడికుదురులో అత్తవారింటికి వెళ్తోంది. సంచిలోంచి రెండు సీసాలు తీసింది. రెండూ ఒకటే మాదిరి సీసాలు. ఒకటి పిల్లాడికి తాగించేది, ఒకటి చెవిలో వేసేది. గుర్తుకి ఒకదాని మెడకి దారం కట్టుకుందట. సంచిలో ఎక్కడో ఊడిపోయింది.

"ఏది తాగేదో కొంచెం చదివి పెడతారాండి? మాకు గుణింతాలు అయ్యేసరికి బడి తీసేసేరు కదండీ. కూడబలుక్కుని చదువుదామన్నా రాదండి."

చదివాను. వేలు పెట్టి చూపించాను. సంచి అడుగున దారం వెతికి తనే మళ్ళీ కట్టుకుంది. కట్టుకుంటూ అంది.

"ఆ రోజు పసుపు చుక్క చూసి మేం చప్పట్లు కొట్టేమండి. తప్పాండి అని కూడా అడిగేను మిమ్మల్ని, బుద్ధి లేక. పైన దూలం నిజంగానే పుచ్చిందంట కదండీ. మీరు చూడబట్టి బతికేం. మా నాన్న ఇప్పటికీ చెప్తాడండి."

పంటు వచ్చింది. జనంలో నాకు చోటు ఇప్పించి కూర్చోబెట్టింది. ఏరు దాటినంతసేపూ ఆ పిల్లాడు నా గొడుగు పట్టుకుని ఆడుకున్నాడు. నేను చెప్పానా? లేదు. ఒక్క ముక్క చెప్పలేదు. అవతలి ఒడ్డున దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నేను ప్రతిదణ్ణం పెట్టాను.

ఎనిమిదేళ్ళ పిల్ల కళ్ళతో చూసినదాన్నీ, చెవులతో విన్నదాన్నీ నా అక్షరాలు కొట్టి పారేశాయి. తను చూసిందే తప్పనుకుని, దానికి ఇన్నేళ్ళ తర్వాత నాకు క్షమాపణ చెప్పుకుంటోంది. బడి తీసేశానని మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ పిల్లకి తన కళ్ళ మీద ఉన్న నమ్మకం కూడా తీసేశానని రేవులో తెలిసింది.

మీరు ఇప్పుడు "పోన్లెండి, ఎప్పటి సంగతో" అనబోతున్నారేమో. అనకండి. ఆ "పోన్లెండి" వినే ఇన్నేళ్ళు బతికాను. వయసైపోయిందనీ, బాధపడుతున్నాననీ జాలిపడకండి. బాధపడినవాడు మామిడికుదురు వెళ్ళి సీత ఇల్లు వెతికి, తల్లీ నువ్వు అడిగిన దానికి జవాబు ఔను, తప్పే, అని చెప్పేవాడు. లంకలన్నీ తిరిగి సుభద్రమ్మగారు ఎక్కడున్నారో కనుక్కునేవాడు. నేను ఇంట్లో కూర్చుని, పేరు లేకుండా, ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. నా వల్ల అయింది ఇంతే. వెళ్తానని మాటిస్తే అది కూడా అబద్ధమవుతుందేమోనని భయం.

కాబట్టి జరిగింది మాత్రం రాస్తున్నాను. దూలం బాగుంది. కప్పు బాగుంది. ఆ టీచరుగారు చెప్పినదంతా నిజం, నేను రాసినదంతా అబద్ధం. తెలిసే రాశాను.

పొద్దున్న కూర్చున్నాను, భోజనానికి పిలుస్తున్నారు. రాసినంత మాత్రాన ఏమీ మారలేదు. ఆ పిల్లలెవరికీ దీనివల్ల ఒక్క అక్షరం కూడా రాదు. అయినా రాశాను. దీన్ని చింపను.